నదులు తొలిచిన గుహలు: చూడబోవు వారికి కొన్ని సంగతులు

గూడూరు, పెడన, బందరు ప్రాంతములలో నూయి త్రవ్వినను, బోరు దింపినను ఇసుకయు బంకమన్నును వచ్చునే గాని రాయి తగులదు. కృష్ణానది వేలయేండ్లుగా మోసికొనివచ్చి పరచిన ఒండ్రుమీద మనము కాపురమున్నాము. అందువలన గుహ యనగానే మనవారికి మొదట స్ఫురించునవి ఉండవల్లి, మొగల్రాజపురము గుహలు. అవి మనుష్యులు ఉలితోను సుత్తితోను కొండను తొలిచి, స్తంభములు నిలిపి, నడచుటకును కూర్చుండుటకును వీలుగా కట్టుకొన్న మందిరములు. నది తొలిచిన గుహ అట్టిది కాదు. దానిని తొలిచినది నీరు. తన దారికొరకు తొలిచికొన్నది. అందు మనము అతిథులము మాత్రమే. ఇంటివాడు తిరిగి వచ్చినప్పుడు అతిథి లేచి తప్పుకొనవలెను గదా! ఈ ఒక్క భేదమును గ్రహించినచో గుహలలో జరుగు ప్రమాదములలో చాలవాటికి కారణము తెలిసిపోవును.

ఈ విషయమును పంచాయితీ సభ్యులకు ప్రత్యేకించి చెప్పుటకు హేతువు కలదు. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట గ్రామములనుండి పాఠశాల పిల్లలు, యువజన సంఘములవారు, స్వయంసహాయక సంఘముల స్త్రీలు బస్సులు కట్టించుకొని అరకు, బొర్రా, మహానంది, బెలుము మొదలగు చోట్లకు యాత్రలు పోవుచుందురు. ఊరిపెద్దగా సర్పంచియో, వార్డు సభ్యుడో వెంట నుండును. బస్సులో సీట్లు ఏర్పరచుట, భోజనముల ఏర్పాటు, గుడిలో దర్శనపు టిక్కెట్లు, వీనియందు మనవారు ఆరితేరినవారు. గుహలోనికి దిగునప్పటి జాగ్రత్తలు మాత్రము ఎవరును చెప్పరు. యాబదిమందిని చీకటిలోనికి తీసికొనిపోయిన పెద్దమనిషి యాబదిమందిని వెలుగులోనికి తీసికొనిరావలెను. ఆ బాధ్యత టిక్కెట్టు ఇచ్చిన గుమాస్తాది కాదు.

గుహ పుట్టుక

వర్షపునీరు ఆకాశమునుండి దిగునప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత తనలో కలుపుకొనును. నేలలో ఇంకునప్పుడు ఆకు అలము కుళ్ళిన మట్టినుండి మరికొంత గ్రహించును. గోలీసోడాలో నాలుకను చురుక్కుమనిపించునది ఈ వాయువే. అట్లు పులిసిన నీరు సున్నపురాతి పగుళ్ళలో ప్రవహించుచు రాతిని కొద్దికొద్దిగా కరగించును. వెండ్రుకవంటి పగులు వేలయేండ్లకు వ్రేలంత, లక్షలయేండ్లకు మనిషి దూరునంత, ఇంకను కాలము గడచినచో బండ్లు నడచునంత విశాలమగును. నేలపైని వాగు అట్టి పగులులోనికి దిగిపోయి భూగర్భనది యగును. ఆ నది మరింత దిగువకు దారి చేసికొన్నప్పుడు పైనున్న పాతదారి ఎండిపోయి, మనము నడచు గుహగా మిగులును.

పాతదారి ఎండిపోయినను దిగువ నీరు పారుచునే యుండును. పెద్దవాన వచ్చి దిగువదారి చాలనప్పుడు నీరు పాతదారికి ఎక్కును. మురుగుకాలువ నిండి పోటెత్తినప్పుడు ఎండిన బోదెలలోనికి నీరు ఎదురెక్కుట మనము ప్రతి తుపానునందును చూచుచున్నదే.

కప్పునుండి బొట్టుబొట్టుగా జారు నీరు తాను కరగించి తెచ్చిన సున్నమును విడిచిపెట్టుటచే పైనుండి వ్రేలాడు ఊడలును, క్రిందనుండి లేచు లింగాకారములును ఏర్పడును. కాచిన పాత్రలో ఉప్పునీటి పొక్కు కట్టుట ఎట్టిదో ఇదియు నట్టిదే. కాని కాలము వేరు. నూరేండ్లకు ఒక సెంటీమీటరు పెరిగినచో ఆ ఊడ వేగముగా పెరిగినదనియే లెక్క. ఒక కుర్రవాడు జ్ఞాపకార్థమని జానెడు ముక్క విరిచి జేబులో వేసికొన్నాడనుకొనుడు. అది శాతవాహనుల కాలమునుండి పెరుగుచు వచ్చినదై యుండవచ్చును. ఇంటికి చేరిన వారమునకు గూటిలో పడియుండి, నెలకు చెత్తకుప్పకు చేరును.

బొర్రా, గోస్తని

తూర్పు కనుమలలో అనంతగిరి మండలమున, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున బొర్రా గుహలు కలవు. 2022లో జిల్లాలను విభజించిన పిమ్మట ఇవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినవి. గోస్తని నది ఈ గుహలలో నుండి సాగి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్నము కడ సముద్రమున కలియుచున్నది. ఆవు పొదుగునుండి పాలు జారినట్లు రాతి ఊడలనుండి నీరు జారుటచే ఈ పేరు వచ్చినదందురు. మేతకు పోయిన ఆవొకటి గుహ పైకప్పునందలి రంధ్రమునుండి లోపల పడగా, దానిని వెదకుచు దిగిన కాపరికి లింగాకారపు రాయి కనబడినదని ఆ కొండవాసులు చెప్పుకొందురు. ఆ కథయందు గుహాన్వేషణ చరిత్ర కొంత దాగియున్నదని నా అభిప్రాయము. ప్రపంచమున అనేక గుహలను మొదట చూచినవారు పశువుల కాపరులే.

పుస్తకములలోను పర్యాటకుల కరపత్రములలోను ఈ గుహలను 1807లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ జార్జి కనుగొన్నాడని వ్రాయుచుందురు. ఆ శాఖ స్థాపింపబడినది 1851లో. నలుబది నాలుగేండ్ల తరువాత పుట్టిన శాఖలో ఉద్యోగి 1807లో ఎట్లుండును? ఒకరు వ్రాసినదానిని మరియొకరు ఎత్తివ్రాయుటచే ఈ తేదీ నిలిచిపోయినది. పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులు దీనిని వారిచేతనే లెక్కవేయించినచో మంచి పాఠమగును. అదిగాక, ‘కనుగొనుట’ యను మాటను కొంచెము సరిచూచుకొనవలెను. అంతకు ఎన్నియో తరములముందే అచటి గిరిజనులకు ఆ గుహ తెలియును. దొర చేసినది కాగితముమీద వ్రాయుట.

1960వ దశకమున కొత్తవలస, కిరండోలు రైలుమార్గమును వేసినప్పుడు పట్టాలు ఈ గుహల మీదుగానే సాగినవి. నేడు విశాఖపట్నమునుండి ఉదయము బయలుదేరు కిరండోలు బండి అనేక సొరంగములు దాటి బొర్రాగుహలు స్టేషనులో ఆగుచున్నది. సొరంగమునకును గుహకును గల భేదమును ఒక్కదినముననే చూచుటకు ఇంతకన్న మంచి చోటు లేదు.

ఈ ప్రాంతమును పంచాయితీ సభ్యులు మరియొక కారణమున గుర్తుంచుకొనవలెను. బొర్రా అడవియందును, చుట్టుపట్ల గ్రామములందును గనుల త్రవ్వకమునకు ఇచ్చిన కౌళ్ళను ఎదిరించి సమత యను సంస్థ నడిపిన వ్యాజ్యెములో, 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు నిచ్చినది. షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వభూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకొరకు కౌలుకిచ్చుట చెల్లదని ఆ తీర్పు సారాంశము. గ్రామసభకు గల స్థానమును గూర్చియు అందు ప్రస్తావన కలదు. గుహను నిలిపియుంచునది చుట్టునున్న రాయియు అడవియు. ఆ రాతిమీద ఎవరికి ఏమి హక్కని తేల్చిన తీర్పు బొర్రానుండి పుట్టినదని యాత్రికులలో ఎందరికి తెలియును?

బెలుము, బిల్లసర్గము

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలమున బెలుము గ్రామము కడ నున్న గుహ మరియొక తీరుది. ఇచట కొండ లేదు. చదునైన పొలముల నడుమ నూతులవలె మూడు పల్లములు కనబడును. నడిమి పల్లమునుండి లోనికి దిగవలెను. పైన ఎండకు మెరయు నల్లరేగడి, క్రింద కిలోమీటర్ల పొడవున రాతిదారులు. అక్కడి ప్రసిద్ధ స్థలములకు సింహద్వారము, కోటిలింగములు, ఊడలమర్రి, వేయిపడగలు, సప్తస్వరాల గుహ, ధ్యానమందిరము అని పేర్లు పెట్టినారు. అన్నిటికంటె దిగువనున్నది పాతాళగంగ. అచట చిన్నదార యొకటి ఏడాది పొడవునను పారి రాతిలో అదృశ్యమగుచున్నది.

1884లో రాబర్టు బ్రూస్ ఫూటు ఈ గుహను గూర్చి వ్రాసెను. 1863లో చెన్నపట్నము సమీపమున పల్లావరములో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించి, మనదేశ పూర్వచరిత్రకు పునాది వేసిన భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇతడే. అదే కాలమున బేతంచెర్ల సమీపమున బిల్లసర్గము గుహలలో ఫూటును అతని కుమారుడును త్రవ్వకములు జరిపిరి. 1844లోనే న్యూబోల్డు అను సైనికోద్యోగి అచట ఎముకలున్నట్లు తెలిపియుండెను. త్రవ్వకములలో దొరకిన ఎముకలను లిడెక్కరు అను పండితుడు పరిశీలించి, ఒక ఖడ్గమృగమునకు కర్నూలు పేరుమీదుగానే శాస్త్రీయ నామము పెట్టెను. నేడు మేకలు మేయు గుట్టలలో ఒకప్పుడు ఖడ్గమృగములు తిరిగినవని మనకు చెప్పినది గుహ అడుగున పేరుకొన్న మట్టియే. కావున గుహలో మట్టి త్రవ్వుట, నిధులకై గోతులు తీయుట కేవలము నేరమే గాక చదువని పుస్తకమును కాల్చుటవంటిది.

ఫూటు తరువాత సుమారు నూరేండ్లు బెలుమును ఎవరును శ్రద్ధగా కొలువలేదు. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబాయరు అను జర్మను గుహాన్వేషకుని నాయకత్వమున ఒక బృందము వచ్చి కొలత టేపులు, దిక్సూచులు పట్టుకొని మూలమూలకును ప్రాకి 3,229 మీటర్ల పొడవు కొలిచి పటము వేసినది. ఇంతవరకు వ్యాసములన్నియు గొప్పగా చెప్పును. ఆ కాలమున ఆ గుహ చుట్టుపట్ల ఊళ్ళ చెత్తకు ఆటపట్టైయుండెనని మాత్రము తక్కువగా చెప్పుదురు. స్థానికులు కొందరు పూనుకొని ప్రభుత్వము చెవిని వేయగా, 1980వ దశకమున అది రక్షిత ప్రదేశమైనది. పర్యాటకాభివృద్ధి సంస్థ దారులు వేసి, దీపములు పెట్టి, లోనికి గాలి అందు ఏర్పాటు చేసి, 2002లో యాత్రికులకు తెరచినది. కొలిచిన మూడుకిలోమీటర్లకు పైచిలుకు దారిలో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే మనము చూడవచ్చును.

పాతాళగంగ నీరు బెలుము గ్రామపు బావికే చేరునని అచటివారు నమ్ముదురు. ఆ నమ్మకము మాట అటుంచినను, సున్నపురాతి నేలలో ఇట్టి సంబంధము సహజమైనది. ఇసుకనేలలో ఇంకిన నీరు ఇసుక వడగట్టగా తేటపడును. సున్నపురాతి గుహలో వడకట్టునది లేదు. ఒకచోట పారవేసిన మురికి మరియొకచోటి బావిలో తేలును. కాలువ చివరి భూములలో నుండు మనకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఎగువవారు కాలువలో ఏమి వేసినను అది మన మంచినీటి చెరువుకే వచ్చును. గుహలో ప్లాస్టిక్కు సీసా విడుచువాడు ఎవరో ఎరుగని ఊరి చెరువులో దానిని వేయుచున్నాడని పిల్లలకు చెప్పినచో, ఆ మాట వారికి నాటును.

కృష్ణమ్మ ఎగువన, శ్రీశైలము జలాశయపు టొడ్డున అక్కమహాదేవి గుహ కలదు. అదియు సహజమైన గుహయే. దానికి పడవమీద పోవలెను. కావున గుహ జాగ్రత్తలకు పడవ జాగ్రత్తలు కూడ చేరును. 2017 నవంబరు 12న పవిత్రసంగమము కడ పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా మరణించుట కృష్ణాజిల్లావారు మరచునది కాదు. తేలుడు కోటు అందరికిని లేనిచో పడవ ఎక్కరాదు. ఆ మాట ఒడ్డుననే చెప్పవలెను. నడినదిలో చెప్పి ఫలము లేదు.

నీటి సంగతి

నదీగుహలో మొదటి శత్రువు చీకటి కాదు, పాముకాదు, నీరు. 2018 జూన్ 23న థాయిలాండు దేశమున చియాంగ్ రాయి ప్రాంతములో, థామ్ లువాంగ్ అను గుహలోనికి పదునొకండు మొదలు పదునారేండ్ల వయసుగల పన్నెండుమంది ఫుట్‌బాలు ఆడు బాలురును, ఇరువదియైదేండ్ల శిక్షకుడును ప్రవేశించిరి. ఆడుకొని వచ్చుట వారి తలంపు. లోపల నుండగా కొండమీద వాన కురిసినది. వెనుకదారి నీటితో మూసికొనిపోయినది. వారు ఇంకను లోనికి, మెరకకు జరిగిరి. జులై 2వ తేదీ రాత్రి ఇద్దరు బ్రిటిషు గజఈతగాండ్రు ద్వారమునకు సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున ఒక గట్టుమీద పదుముగ్గురిని సజీవులుగా చూచిరి. జులై 8, 9, 10 తేదీలలో ఒక్కొక్కరిని మత్తుమందిచ్చి, ముఖమునకు గాలితొడుగు తగిలించి నీటిక్రిందుగా బయటకు తెచ్చిరి. పదుముగ్గురును బ్రతికిరి. కాని సహాయమునకు పోయిన సమన్ కునాన్ అను మాజీ నావికుడు జులై 6న నీటిలో ప్రాణము విడిచెను. ఆ పనిలో పాల్గొన్న మరియొక నావికుడు అచట సోకిన రక్తదోషముచే 2019 డిసెంబరులో మరణించెను.

ఆ గుహ ద్వారము కడ హెచ్చరిక పలక ఉండెను. జులై మొదలు నవంబరు వరకు వరద ప్రమాదము కలదని దానిమీద వ్రాసియుండెను. బాలురు పోయినది జూన్. పలకను వారు మీరలేదు. వానయే పంచాంగమును మీరినది! నైరుతి ముందుగా వచ్చుటయు, ఆలస్యముగా వచ్చుటయు చూచుచున్న రైతులకు ఇందలి నీతి సులువుగా తెలియును. తేదీని చూచి కాదు, ఆకాశమును, వాతావరణశాఖ ప్రకటనను చూచి దిగవలెను.

ఆ రక్షణకార్యములో వందకోట్ల లీటర్లకు పైగా నీరు తోడిరి. మన లెక్కలో మూడున్నరకోట్ల ఘనపుటడుగులు. ఆ నీరంతయు దిగువనున్న వరిచేలమీదికి పోయినది. నాట్లు మునిగిన రైతులలో పలువురు, పిల్లలు బ్రతికిన చాలును, తమకు పరిహారము అక్కరలేదని చెప్పిరి. వరి పండించువారికి ఆ మాట విలువ తెలియును.

ఇంగ్లండులో 1967 జూన్ 24న మాస్‌డేల్ అను గుహలో వరద వచ్చి ఆరుగురు యువకులు మరణించిరి. వారందరును అనుభవముగల గుహాన్వేషకులు. ముందుగా బయటకు వచ్చిన నలుగురు మాత్రమే దక్కిరి. అనుభవము నీటిని ఆపలేదు.

పైన ఎండ కాయుచుండగా గుహలోనికి నీరెట్లు వచ్చునని కొందరు అడుగుదురు. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్టణము మునిగినప్పుడు మన ఊళ్ళలో ఆకాశము ఎట్లున్నదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ నీరు జలాశయములు దాటి ప్రకాశం బ్యారేజికి పదకొండు లక్షల క్యూసెక్కులుగా చేరుటకు కొన్ని దినములు పట్టినది. మనకు తెలియుటకును, తప్పుకొనుటకును వ్యవధి దొరకినది. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఆ వ్యవధి చాల తక్కువ. గుహలోని వాగు బుడమేరుకన్నను చిన్నది, నిటారైనది. దాని వ్యవధి కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు నిమిషములు. వాన పడునది ఎగువ కొండమీద, నీరు వచ్చునది దిగువ చీకటిలో. నడుమ కబురు చెప్పువాడు లేడు. సెల్‌ఫోను గుహలో పనిచేయదు.

కొన్ని గుర్తులు మాత్రము కలవు. తేటనీరు ఉన్నట్లుండి మట్టిరంగు తిరుగుట, ఆకులు, పుల్లలు కొట్టుకొనివచ్చుట, పారుదల చప్పుడు హెచ్చుట, గాలి వీచు తీరు మారుట. వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఫోటోలకై నిలువక వెంటనే మరలవలెను. మరలుదారి ఇప్పటికే మునిగియున్నచో ఈదబోక, అందుబాటులో నున్న మిక్కిలి మెరకచోటు ఎక్కి, అందరును ఒకచోట కూర్చుండి, దీపములలో ఒక్కటి తప్ప తక్కినవి ఆర్పి వేచియుండవలెను. థాయి బాలురను బ్రతికించినది ఆ మెరకయే. గోడలమీద ఎంత ఎత్తువరకు చెత్త, బురద అంటుకొనియున్నవో దిగునప్పుడే చూచుకొనుట మంచిది. వరద చేసిన సంతకమది.

మన తీరమువారు యాత్రకు ఎన్నుకొనదగిన కాలము సంక్రాంతి మొదలు ఉగాది వరకు. కార్తికమాసము అందముగా నుండును గాని అది వాయుగుండముల కాలము. దివిసీమ ఉప్పెన వచ్చినది 1977 నవంబరు 19న గదా. తూర్పు కనుమలకు ఆ వానలు తప్పవు. జనవరి చివరకు వరికోతలు, నూర్పిళ్ళు ముగిసి తీరికయు దొరకును.

దిగుటకు ముందు, దిగిన పిమ్మట

దీపములు పెట్టి, మెట్లు కట్టి, టిక్కెట్టు అమ్ము గుహ వేరు; అడవి గుహ వేరు. బొర్రా, బెలుము మొదటి కోవకు చెందినవి. కాని దీపములవరుస ఆగిన చోటినుండి అవియు అడవి గుహలే. కంచెను దాటి గోస్తని పారు దిగువకు దిగుటకు కుర్రవాండ్రు ఉబలాటపడుదురు. గ్రామయాత్రలో ఆ పని ఎన్నడును జరుగరాదు. అడవి గుహలను చూడగోరు యువకులుండినచో వారు శిక్షణ పొందిన గుహాన్వేషకులవెంట, అటవీశాఖ అనుమతితో, చిన్నబృందముగా పోవలెను. మేఘాలయ రాష్ట్రమున 1992 మొదలు అట్టి బృందములు ఏటేట పనిచేసి ముప్పది కిలోమీటర్లకు పైగా పొడవుగల గుహలను కొలిచినవి. వారు నలుగురికి తక్కువగా లోనికి పోరు. ఒకనికి దెబ్బతగిలినచో ఒకరు అతనిచెంత నుండుటకు, ఇద్దరు కలిసి బయటకు పోయి కబురు చెప్పుటకు ఆ సంఖ్య. ఒక్కొక్కరివద్ద మూడు దీపములు, తలకు గట్టి టోపీ, జారని బూట్లు ఉండును. ఏ గంటకు తిరిగివత్తురో బయటనున్న ఒకరికి చెప్పి పోవుదురు. ఆ గంట దాటినచో అతడు వెదకుటకు మనుష్యులను పంపును.

ఈ చివరి నియమము సామాన్యముగా తోచును. అమెరికాలో కెంటకీ రాష్ట్రమున ఫ్లాయిడ్ కాలిన్సు అను ప్రసిద్ధ గుహాన్వేషకుడు 1925 జనవరి 30న ఒంటరిగా ఒక గుహలో దూరగా, రాయి జారి అతని పాదమును నొక్కిపెట్టినది. దేశమంతయు పత్రికలలో చదువుచుండగా రెండు వారములకు పైగా త్రవ్విరి. చేరునప్పటికి అతడు మరణించియుండెను. దీనికి ఎదురుగా, ఫ్రాన్సుదేశమున 1889లో మార్తెల్ అను న్యాయవాది పాదిరాక్ అను డెబ్బదియైదు మీటర్ల లోతుగల బిలములోనికి సహచరులతో త్రాళ్ళనిచ్చెనలమీద దిగి, మడతపెట్టు గుడ్డపడవను వెంట దింపుకొని, భూగర్భనదిమీద ప్రయాణము చేసి క్షేమముగా తిరిగివచ్చెను. గుహాశాస్త్రమునకు అతడు పితామహుడైనాడు. ఇరువురును సాహసులే. ఒకనికి వెంట మనుష్యులుండిరి, మరియొకనికి లేరు.

గ్రామయాత్రకు ఈ నియమములను మన స్థాయికి దించుకొనవచ్చును. పదిమందికి ఒక పెద్దను నియమించి, పేర్లు కాగితముమీద వ్రాసి ఆయన చేతికిచ్చి, లోనికి పోవునప్పుడును బయటకు వచ్చునప్పుడును పేరుపేరున పిలిపింపవలెను. తలలు లెక్కించుట చాలదు. పొరుగు బృందపు పిల్లవాడు కలిసినచో లెక్క సరిపోవును, మనవాడు లోపల నుండును. ప్రతి బృందములోను ముందొక పెద్ద, వెనుకొక పెద్ద నడువవలెను. సెల్‌ఫోను దీపమును నమ్ముకొనక ప్రతి పెద్దయు ఒక టార్చిలైటు, వేరుగా బ్యాటరీలు తెచ్చుకొనవలెను. గుహలో విద్యుత్తు పోయినచో కలుగు చీకటి అమావాస్య చీకటి కాదు. అందు నక్షత్రము కూడ లేదు. అట్టి సమయమున ఎవరును అడుగు కదపక, ఉన్నచోటనే కూర్చుండవలెనని ముందే చెప్పియుంచవలెను. త్రొక్కిసలాట చీకటికన్న చెడ్డది.

చెప్పులు, ముఖ్యముగా అరిగిన రబ్బరు చెప్పులు, తడి రాతిమీద పనికిరావు. చీరకట్టిన స్త్రీలు కుచ్చెళ్ళు పైకి దోపుకొని, చేతులు రెండును ఖాళీగా నుంచుకొని మెట్లు దిగవలెను. చంటిబిడ్డను చంకనెత్తుకొని దిగుట ఎంతమాత్రము కూడదు. బెలుములో ఉక్క మిక్కుటము. కొన్నిచోట్ల వంగి నడువవలెను. గుండెజబ్బు, ఉబ్బసము కలవారిని, మోకాళ్ళనొప్పుల పెద్దలను పైననే నీడను కూర్చుండబెట్టుట వారికి అవమానము కాదు. “అమ్మా, మీరు ఇక్కడ మా సామానులు చూచుచుండుడు” అన్నచో వారును సంతోషింతురు.

గాలి విషయము మనవారికి తెలిసినదే, కాని గుహవద్ద గుర్తురాదు. పాడునూతిలో పూడిక తీయ దిగినవాడు పడిపోవుట, వానిని ఎత్తబోయినవాడును పడిపోవుట ఎన్ని ఊళ్ళలో జరుగలేదు! బొగ్గుపులుసు వాయువు గాలికన్న బరువైనది, పల్లములలో నిలుచును. గుహలోని మూలపల్లములు నూతులవంటివే. పనిలేకయే ఆయాసము, తలనొప్పి, తలతిరుగుట కలిగినచో ఆ చోటు విడిచి మెరకకు, ద్వారమువైపునకు నడువవలెను. దీపము వెలిగించి పరీక్షింతమని కొవ్వొత్తులు తీసికొనిపోవువారు కలరు. వెలుగుచున్న దీపము గాలి మంచిదని హామీ యియ్యదు. మీదుమిక్కిలి మసి ఊడలకు పట్టి పోదు. కర్పూరహారతులును అంతే. గబ్బిలములున్న మూలలకు పోయి కేకలు వేయరాదు. వాని రెట్టదుమ్ము ఊపిరితిత్తులకు కీడు.

గుహకన్న దారియే ఎక్కువ అపాయకరమని చెప్పినచో ఆశ్చర్యపడనక్కరలేదు. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి ఘాటుదారిలో యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు మరణించిరి. చదునునేలమీద బండి తోలిన డ్రైవరుకు ఘాటుదారి క్రొత్త. రాత్రివేళ ఘాటు దిగకుండునట్లు కార్యక్రమమును ఏర్పరచుకొనవలెను. కృష్ణాతీరమునుండి పోవు జట్లు విశాఖపట్నములో బస్సు నిలిపి, రైలుమీద బొర్రాకు పోవుటయే మేలని నాకు తోచుచున్నది. బొర్రాలో కోతుల బెడద కలదు. తినుబండారములు చేతబట్టుకొని తిరుగరాదు.

ప్రమాదము జరిగినచో 112కును, వైద్యసహాయమునకు 108కును ఫోను చేయవలెను. గన్నవరము సమీపమున కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందనదళపు పదవ బెటాలియను కలదు. సమర్థులైనవారు, కాని అచటినుండి బెలుముకైనను బొర్రాకైనను చేరుటకు గంటలు పట్టును. ఆ గంటలలో లోపలనున్నవారికి ఆధారము తమవద్దనున్న దీపము, నీరు, తమ పెద్ద ముందుగా చెప్పిన మాటలు.

యాత్ర నిశ్చయించిన పంచాయితీవారు బయలుదేరుటకు వారము ముందుగా గుహ కార్యాలయమునకు ఫోనుచేసి ప్రవేశవేళలు, దీపముల స్థితి, ఇటీవలి వానలు విచారింపవలెను. ముందునాడు వాతావరణ ప్రకటన చూడవలెను. పిల్లల తల్లిదండ్రుల సంతకములతోపాటు వారి ఫోను నంబర్లు, పిల్లలకున్న జబ్బులు వ్రాసిన కాగితము ఒకటి యాత్రపెద్దవద్ద, మరియొకటి గ్రామ సచివాలయమునందు ఉంచవలెను. వాయుగుండము సూచన యున్నచో యాత్రను వాయిదా వేయు అధికారము ఎవరిదో ముందే తీర్మానములో వ్రాసికొనుట మంచిది. బస్సుకు ఇచ్చిన బయానా పోవునను దిగులుతో బయలుదేరిన యాత్రలు కలవు. కావున ఆ బయానా సొమ్మును ఎవరు భరింతురో కూడ ఆ తీర్మానముననే చేర్చవలెను.